కొక్కేనికి తగిలించిన గొంతు

పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తగానే ఆమె చేసే మొదటి పని, స్పైరల్ మెషీన్ కింద ట్రేలో పేరుకున్న కాగితం చుక్కల్ని డబ్బాలోకి దులపడం. ఒక రిపోర్టుకి ఎన్ని చిల్లులో అన్ని చుక్కలు. పరీక్షల నెలలో ఆ డబ్బా రోజూ నిండుతుంది. ఆ తర్వాత జిగురు గిన్నె వేడికి పెడుతుంది, నల్ల అట్టలు కొలతకి కోసుకుంటుంది, బంగారు రంగు అక్షరాలు అద్దే ఫాయిల్ ఎంత మిగిలిందో చూసుకుంటుంది. కాలేజీ గేటుకి ఎదురుగా ఉన్న ఆ కొట్టుకి బోర్డు మీద ఏదో పేరుంది. పిల్లలు మాత్రం కొట్టునీ మనిషినీ కలిపి బైండింగ్ ఆంటీ అంటారు.

కెమిస్ట్రీ వాళ్ళ రిపోర్టులు ఆమె చదవదు. కమ్యూనికేషన్, మీడియా డిగ్రీ వాళ్ళవి మాత్రం పేజీలు సర్దుతూ సర్దుతూ చదివేస్తుంది. 'రేడియో శ్రోతల అలవాట్లు: ఒక పరిశీలన.' 'సబ్బు ప్రకటనల్లో గృహిణి.' 'మొదటి పేజీ శీర్షికల నిడివి.' పద్దెనిమిదేళ్ళుగా చదివి చదివి, ఎవరు ఎవరిది చూసి రాశారో కాగితం పట్టుకోగానే చెప్పేస్తుంది. "ఇది మీ సీనియర్‌ది. కృతజ్ఞతల పేజీలో అమ్మానాన్నలనైనా మార్చుకో" అని ఒకసారి ఒకబ్బాయికి చెప్పింది. ఆ పూటకి ఆమె మాట్లాడింది అంతే.

మాటలు ఆమెకి మొదటినుంచీ తక్కువ. కూతురిదీ అదే పోలిక. ఇంట్లో ఉండేది ఇద్దరే. రోజంతా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద పట్టేస్తాయి, ఇంకా అడ్రసు రాయడానికి చోటు మిగులుతుంది.

కూతురు ఆ మీడియా డిగ్రీలోనే మూడో ఏడు చివరికొచ్చింది. మొదటి ఏడు పత్రికల చరిత్ర, సిద్ధాంతాలు. రెండో ఏడు రిపోర్టింగ్, ఎడిటింగ్, కెమెరా. మూడో ఏడంతా స్టూడియో.

స్టూడియో బయట వరండా గోడకి ముప్పై కొక్కేలుంటాయి. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ గొంతు అక్కడ తగిలించి వెళ్ళాలి. లోపల డిపార్ట్‌మెంటువి పన్నెండు వార్తల గొంతులున్నాయి, ఎప్పుడో టెండరు పిలిచి కొన్నవి. వంతులేసుకుని వాటితో చదవాలి. వాడి వాడి పల్చబడిపోయాయి. ఒకదానికి 'శ' దగ్గర ఈల వస్తుంది. ఇంకొకదానితో చదివితే వరద వార్తా, ఆటల వార్తా ఒకేలా వినిపిస్తాయి. అదే అన్నింట్లోకీ మంచిదని వార్తల మాస్టారు దాన్ని పరీక్షల కోసం దాచి ఉంచుతారు. క్లాసయ్యాక ఎవరి గొంతు వాళ్ళు తీసుకుని ఇంటికెళ్తారు. సైకిళ్ళకి స్టాండు ఉన్నట్టు గొంతులకి గోడ. దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా అనుకోరు.

కొక్కేల పెత్తనం సౌండాయనది. మైకులూ వైర్లూ చూసుకునే మనిషి. "సరిచూసుకుని తీసుకోండమ్మా, గేటు దాటాక నన్నడిగితే నేను జవాబు చెప్పను" అని రోజూ అంటాడు. పిల్లలు సరిచూసుకుంటారు కూడా. ఎలాగంటే, మొదటి ఏడు నేర్పినట్టు కడుపులోంచి గాలి తీసి, నోరు బాగా తెరిచి, "ఒకటి, రెండు, మూడు" అంటారు. అలా అంటే ముప్పై గొంతులూ ఒకలాగే ఉంటాయి. అలా ఉండేట్టు అనడమే కదా వాళ్ళకి మూడేళ్ళుగా నేర్పింది.

ఆ రోజు సాయంత్రం కూతురు కొట్లోకి వచ్చి సంచీ బల్ల మీద పడేసి, "అబ్బబ్బ, ఏం ఎండే అమ్మా ఇది, నువ్వు తిన్నావా లేదా అసలు?" అంది.

అట్ట కోస్తున్న ఆమె చెయ్యి ఆగింది. ఆ గొంతు ఎప్పుడూ విన్నది కాదు. ఆ ప్రశ్న కూడా.

"ఎవరిదది?"

"వాగుడుకాయది" అంది కూతురు. "నా కొక్కెం మీద ఇదే ఉంది. తొందర్లో తగిలించుకొచ్చేశా. అది నాది పట్టుకుపోయుంటుంది."

వాగుడుకాయ కూతురి క్లాసుపిల్ల. ఆ పేరు పెట్టింది వార్తల మాస్టారే. వార్తల గొంతు వేసుకుని చదువుతున్నా మధ్యలో ఆ పిల్ల సొంత నవ్వు బయటికి తన్నుకొచ్చేదట. మూడుసార్లు స్టూడియోలోంచి పంపేశారు.

"రేపు ఇచ్చెయ్యి" అంది ఆమె.

మర్నాడు ఇవ్వడానికి వాగుడుకాయ లేదు. మార్కులు తక్కువని కాలేజీ నుంచి ఉత్తరం వెళ్ళింది, తండ్రి వచ్చి చదువు మానిపించి తీసుకెళ్ళిపోయాడు. "మాట్లాడ్డానికి మూడేళ్ళ చదువేంటండీ, ఇది పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతూనే ఉంది" అని ఆఫీసులో అన్నాడట. పిల్ల పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదని గుమాస్తా ఆశ్చర్యపోయాడు.

శుక్రవారానికి రెండు వారాలుంది. ఆ శుక్రవారం డిగ్రీకి ఆఖరి పేపరు, దాని పేరు 'సొంత గొంతు'. ఏడాది పొడుగునా వాళ్ళవీ వీళ్ళవీ గొంతులన్నీ వేసుకున్నాక, చివరి రోజు బయటినుంచి వచ్చిన పరీక్షకుడి ముందు ఎవరి గొంతుతో వాళ్ళు ఒక పేజీ చదవాలి. చేరిన రోజు తీసిన నమూనాతో పోల్చి చూస్తారు. కలవకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు.

ఉద్యోగం అంతకు నెల ముందే ఖాయమైంది. పెద్ద వార్తల ఛానెల్ వాళ్ళు కాలేజీకొచ్చి, క్లాసు మొత్తంలో కూతుర్ని ఒక్కదాన్నే ఎంచుకున్నారు. ఛానెల్ గొంతు వాళ్ళే ఇస్తారు. సొంతది ఆఫీసు బీరువాలో పెట్టి రసీదు ఇస్తారు, మూడేళ్ళు నిండాక తీసుకోవచ్చు. మంచి ఛానెళ్ళన్నీ అంతే. ఆ కబురు విన్నప్పుడు ఆమె "మంచిది" అంది. మర్నాడు కూతురు క్లాసులో ఉన్నప్పుడు మాత్రం కొట్లో ఒక నల్ల అట్ట తీసి, దాని మీద కూతురి పేరూ, కింద 'న్యూస్ రీడర్' అనీ బంగారు అక్షరాలతో అద్ది, ఆరాక సొరుగులో కాగితాల అడుగున పెట్టింది.

"వెళ్ళి తెచ్చుకో" అని మొదటి వారం రెండుసార్లు అంది.

"వెళ్తాలే అమ్మా, ఏం పారిపోతుందా?" అనేది కూతురు. ఆ గొంతుకి ప్రతి జవాబు వెనకా ఇంకో నాలుగు మాటలుండేవి. బస్సులో ఎవరు ఎవరితో పోట్లాడారు, క్యాంటీన్లో పిల్లి ఎక్కడ ఈనింది, ఆమె జడలో తెల్లవెంట్రుకలు ఎన్ని వచ్చాయి. ఆమె విని ఊరుకునేది. మూడో రోజునుంచి కూతురు కొట్టుకొచ్చే గంట కోసం చూస్తున్నట్టు తనకే తెలిసి, గోడ గడియారం వైపు వీపు పెట్టి కూర్చుంది.

రెండో వారం సౌండాయన కొట్టుకి వచ్చి, "మీ అమ్మాయి గొంతు ఇంకా రాలేదా? గొంతు ఉంటే మనిషి మీదుండాలి, లేదా నా కొక్కెం మీదుండాలి. ఇంకెక్కడా నిలవదు. చూసుకోండి మరి" అని చెప్పి వెళ్ళాడు.

అప్పుడామె సౌండాయన దగ్గర నెంబరు తీసుకుని ఫోను చేసింది. వాగుడుకాయ తండ్రి ఎత్తాడు. ఆయనది డ్రైవింగ్ స్కూలు.

"మా అమ్మాయి గొంతు మీ అమ్మాయి దగ్గరుంది" అంది ఆమె.

"ఉందమ్మా, భద్రంగా ఉంది. బంగారం లాంటి గొంతు. అడిగినదానికి జవాబు, ఆపైన ఒక్క ముక్క లేదు. కౌంటర్లో కూర్చోబెట్టా. మంచి పెంపకం మీది."

"పరీక్ష ఉంది. తిరిగివ్వాలి."

"మా దాన్ని మీరే ఉంచుకోండమ్మా. ఇరవై ఏళ్ళు విన్నాను, నా వంతు అయిపోయింది. ఈ రెండు వారాలూ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో."

ఆమె ఇంకేదో అనబోయింది. రాలేదు. ఫోను పెట్టేసి, చేతిలో ఉన్న రిపోర్టుకి చిల్లులు కొట్టింది. ఒక వరస తప్పింది. పద్దెనిమిదేళ్ళలో అలా ఎన్నడూ తప్పలేదు. ఆయన తిట్టినా అంత తగిలేది కాదేమో. మంచి పెంపకం అన్నాడు. తండ్రి చదువు మానిపిస్తుంటే పక్కన నిలబడి ఒక్క మాట అననివ్వని గొంతు అది. దానికి ఆ అలవాటు ఎక్కడబ్బిందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

గురువారం పొద్దున కూతురితో అంది, "ఆ గొంతు ఇటివ్వు."

"నీకెందుకు?"

"అడిగొస్తా."

"నీ గొంతుతో అడగొచ్చుగా."

"నాది చాలదు."

కూతురు కాసేపు తల్లి మొహంలోకి చూసింది. మార్చుకోవడానికి పెద్ద తతంగమేం లేదు, గుటక మింగి వదిలెయ్యడం, ఎదుటివాళ్ళు అందుకోవడం. కొట్టు చూసుకోవాలి కాబట్టి కూతురు తల్లి గొంతు తగిలించుకుంది. రెండుసార్లు దగ్గి, "అమ్మా, ఇది అసలు వాడనే లేదు నువ్వు. మడతలు కూడా పోలేదు" అంది.

డ్రైవింగ్ స్కూలు గదిలో గోడంతా రోడ్డు గుర్తుల పటం. ఒక మూల చక్రం, గేరు, మూడు పెడళ్ళు బిగించిన ఉత్త కుర్చీ. వాగుడుకాయ తండ్రి దాంట్లో కూర్చున్న ఒక పెద్దాయనకి క్లచ్ ఎలా వదలాలో చెబుతున్నాడు. కౌంటర్ వెనక వాగుడుకాయ రసీదు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది.

ఆమె గుమ్మంలో నిలబడి, "ఏవండీ" అందామని నోరు తెరిచింది. "నాన్నా" అని వచ్చింది.

"మళ్ళీ మొదలెట్టకు నువ్వు" అన్నాడాయన తిరక్కుండానే. తర్వాత తిరిగాడు. తన ఈడు ఆడమనిషి కనిపించేసరికి లేచి నిలబడ్డాడు. "క్షమించండమ్మా. ఫోను చేసింది మీరేనా?"

"నేనే. కానీ నన్ను కాసేపు పక్కన పెట్టండి" అంది ఆమె, ఇక ఆ గొంతుని పట్టుకోలేదు. "నాన్నా, ఇంకో రెండు వారాల్లో అయిపోయే చదువది. ఆ రెండు వారాలకి నా మీద అంత కోపమెందుకొచ్చింది నీకు?"

"కోపం కాదు. మాట్లాడ్డానికి చదువెందుకంటున్నా."

"నీ దగ్గరికొచ్చే వాళ్ళందరికీ కాళ్ళున్నాయి, నడక వచ్చు. మరి వాళ్ళకి నువ్వేం నేర్పుతున్నావు? ఈ తాతగార్ని అడుగు."

ఉత్త కుర్చీలో పెద్దాయన, "నన్నెందుకు లాగుతావమ్మా" అని గొణిగి, క్లచ్ మీద కాలు అలాగే ఉంచాడు.

తండ్రి మూతి మీద నవ్వు వచ్చి ఆగిపోయింది. "మూడుసార్లు గెంటేశారు నిన్ను."

"గెంటేస్తే నాలుగోసారి వెళ్ళాను. ఆ సంగతి ఉత్తరంలో రాయలేదా? నువ్వు పక్కన కూర్చుంటే బండి ఎవరు నడుపుతున్నా బ్రేకు నీ కాలి కిందే ఉంటుంది నాన్నా. నేర్చుకునేవాళ్ళకి మంచిదే. ఇంట్లో కూడానా?"

ఆయన బల్ల మీద కాగితాలు సర్దాడు. సర్దిన కాగితాలే మళ్ళీ సర్దాడు. "ఇల్లు ప్రశాంతంగానే ఉంది" అన్నాడు, కొంచెం చిన్నగా.

అప్పుడు కౌంటర్ వెనకనుంచి వాగుడుకాయ మాట్లాడింది. వచ్చింది కూతురి గొంతు. ఆ పిల్ల గట్టిగా ఊపిరి తీసుకుని, ఒక్కో మాటా వేలు మడిచి లెక్కపెడుతూ అంది: "తినేటప్పుడు నువ్వు టీవీ సౌండ్ బాగా పెంచుతున్నావు నాన్నా, రోజూ."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెద్దాయన క్లచ్ మీంచి కాలు తీశాడు.

"మళ్ళీ చేర్చుకోవాలంటే ఎక్కడ సంతకం పెట్టాలి?" అన్నాడు చివరికి. "మీకు తెలుసా అమ్మా, లేకపోతే దీన్నే అడగాలా?"

గొంతులు మార్చుకోవడం బయట ట్రైనింగ్ కారు పక్కన జరిగింది. సొంతది అందగానే వాగుడుకాయ ఊపిరి తిప్పుకోకుండా మొదలెట్టింది. "ఆంటీ, మీ అమ్మాయి గొంతు మంచిదే గానీ మహా మొండిది. మొదటి రోజు 'నాన్నా' అనగానే ఆగిపోయింది. నాకు పిచ్చెక్కిపోయింది. రోజూ గదిలో తలుపేసుకుని కొంచెం కొంచెం అలవాటు చేశాను. నాలుగు మాటలు, ఐదు, ఆరు. ఇవాళ ఎనిమిది వచ్చాయి, విన్నారుగా? ఇంకా లోపల చాలా ఉన్నాయి ఆంటీ. నావి కావు కాబట్టి నేను కదిలించలేదు. బరువుగా తగిలేవి, పాపం."

ఆమె తల ఊపింది. కూతురి గొంతు తగిలించుకుని బస్సెక్కింది.

కండక్టరు, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"కాలేజీ గేటు" అంది. అంతటితో ఆగాల్సింది. ఆగలేదు. "కాలేజీ గేటు. ఆ ఉద్యోగం నాకొద్దమ్మా."

కండక్టరు టిక్కెట్టు చింపి ఇస్తూ, "మీ గొంతు కాదా? కిటికీ పక్కన ఖాళీ ఉంది, అక్కడ కూర్చోండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నాడు.

ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గొంతు నెమ్మదిగా, బయటి చెట్లూ కొట్లూ దాటుతుండగా, తనలో నిలవున్నవన్నీ ఒక్కొక్కటే చెప్పింది.

"నీకు చెబుదామని మూడుసార్లు వచ్చాను. ఒకసారి నువ్వు జిగురు కలుపుతున్నావు. ఒకసారి నేనే మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాను. మూడోసారి కత్తెర కోసం సొరుగు తీస్తే ఆ అట్ట కనిపించింది. బంగారు అక్షరాలు. ఇంక చెప్పలేకపోయాను. మూడేళ్ళు నన్ను నేను వినకుండా ఎలా ఉండనమ్మా? బీరువాలో పెడితే గొంతు అట్టకట్టుకుపోతుందట, సౌండాయన చెప్పాడు. రేపు నాది కొక్కెం మీద వదిలేసి పక్కదాన్ని తీసుకుంటాను. వాగుడుకాయది. ఒకటి రెండు మూడు అంటాం, ఎవరికీ తేడా తెలియదు. అదైతే నాదాన్ని బాగా చూసుకుంటుంది. పరీక్ష తప్పితే తప్పుతాను. నువ్వు మాత్రం ఏమీ అనవు, నాకు తెలుసు. నువ్వెప్పుడూ ఏమీ అనవు."

ఆ ఆఖరి మాట దగ్గర గొంతు ఖాళీ అయిపోయింది. ఇంకేం లేదు. ఆమె రెండు స్టాపులు ముందే లేచి నిలబడింది. కండక్టరు, "ఇది కాదమ్మా మీ స్టాపు" అంటే మళ్ళీ కూర్చుంది.

కొట్టు దగ్గర కూతురు తల్లి గొంతుతో ఎవరికో "రేపు రండి" అని చెబుతోంది. ఇద్దరూ ఎవరివి వాళ్ళు తీసుకున్నారు. కూతురు తనది అందుకుని, "తేలిగ్గా ఉందేంటి?" అంది.

"ఆ అమ్మాయి బాగా చూసుకుంది" అంది ఆమె. ఆ సాయంత్రం సొరుగులోంచి అట్ట తీసి, మూలలకి వేసే ముక్కలుగా కోసేసింది. ముక్కలు బల్ల మీదే ఉంచింది. కూతురు వాటిని చూసింది, తల్లిని చూసింది.

శుక్రవారం పరీక్షకుడు నమూనా పెట్టి విన్నాడు. కలిసింది. అప్పటికంటే ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోందని కాగితం మీద రాశాడు. వాగుడుకాయ ఆ పక్క గదిలో ఒక పేజీ చదవమంటే రెండున్నర పేజీలు చదివింది.

సోమవారం పదకొండింటికి ఛానెల్ మనిషి నేరుగా కొట్టుకే వచ్చాడు. ఒప్పందం జిరాక్సు తీయించుకోవాలి, సాక్షిగా తల్లి సంతకం కావాలి. చేతిలో మూత బిగించిన చిన్న స్టీలు పెట్టె, లోపల ఛానెల్ వాళ్ళ కొక్కెం. "అన్నీ సిద్ధమే కదమ్మా? సంతకాలైతే గొంతు ఇక్కడే తీసేసుకుంటాను. మీకు రసీదు ఇస్తా."

ఆమె ఒప్పందం తీసుకుంది. రిపోర్టులు చదివినట్టే పేజీ తర్వాత పేజీ చదివింది. ఏడో పేజీ తలకిందులుగా కుట్టారు, దాన్ని సరిచేసింది. కూతురు గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆమె కాగితాలు బల్ల మీద అంచులు కలిసేట్టు తట్టి, ఆయనకి తిరిగిచ్చింది.

"సంతకం పెట్టను" అంది.

ఛానెల్ మనిషి, "ఏమైనా అనుమానాలుంటే..." అంటూ కుర్చీ లాక్కోబోయాడు.

ఆమె గొంతు ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది. అక్కడ కాస్త తడబడింది. "మా అమ్మాయికి ఇష్టం లేదు. నాకు చెప్పింది. ఎప్పుడో చెప్పాల్సింది, నేను వినలేదు. కారణాలు అడుగుతారేమో, అవి తనే చెబుతుంది. తన గొంతు తన దగ్గరే ఉంది."

ఏడాది మొత్తంలో ఆమె సొంత గొంతుతో ఒక్కసారిగా అన్ని మాటలు అని ఉండదు. కూతురు గుమ్మం దగ్గర్నుంచి లోపలికొచ్చింది. "లేదు సార్" అని మొదలుపెట్టింది. ఎనిమిది మాటలు దాటాయి, పదిహేను దాటాయి. ఛానెల్ మనిషి పెన్ను మూత పెట్టుకున్నాడు, పెట్టె సంచీలో పెట్టుకున్నాడు, జాబితాలో తర్వాతి పేరు చూసుకుంటూ రోడ్డు దాటి కాలేజీలోకి వెళ్ళిపోయాడు. కూతురు ఇంకా మాట్లాడుతూనే ఉంది, ఈసారి తల్లి వైపు తిరిగి.

కౌంటర్ దగ్గర ఇద్దరు పిల్లలు రిపోర్టులు పట్టుకుని నిలబడ్డారు. ఆమె వాళ్ళని కాసేపు ఆగమని చేత్తో సైగ చేసి, మెషీను స్విచ్ ఆపి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆ, తర్వాత?" అంది.